చేతిలో పాయింట్లు, దొరకని గదులు: చిత్తూరు నుంచి మా టైమ్‌షేర్ ప్రయాణాలు

2020 మార్చి చివర్లో మేం ఊటీ వెళ్లాల్సింది. టైమ్‌షేర్ అంటే ముందే డబ్బు కట్టి ఒక రిసార్టుల కంపెనీలో సభ్యత్వం తీసుకోవడం; ఏటా వాళ్లిచ్చే పాయింట్లతో వాళ్ల రిసార్టుల్లో గదులు తీసుకోవచ్చు. ఆ పాయింట్ల మీద రెండు గదులు బుక్ చేశాం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దాకా టికెట్లు తీసుకున్నాం. మనవరాలికి ఎర్ర స్వెటర్ కూడా కొన్నాను. లాక్‌డౌన్ వచ్చింది, రిసార్టులు మూసేశారు. కొన్నాళ్లకు మెసేజ్ వచ్చింది: ఆ ఏడాది పాయింట్లు, తర్వాతి ఏడాది పాయింట్లు కలిపి 2023 మార్చి వరకు వాడుకోవచ్చని. "మన డబ్బు ఎక్కడికీ పోలేదులే" అన్నారు మా ఆయన. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

గడువు పెరిగింది గానీ గదులు పెరగలేదు. 2022 వేసవి వచ్చేసరికి సభ్యులందరి దగ్గరా పాత పాయింట్లు, కొత్త పాయింట్లు పోగుపడ్డాయి. అందరూ ఒకేసారి వెతకడం మొదలుపెట్టారు. పైగా కొన్ని చోట్ల ఒక బ్లాకే తెరిచారు, ఒక రిసార్టు మరమ్మతులని తలుపే తీయలేదు. యాప్‌లో ఏప్రిల్, మే నెలలు చూస్తే ఊటీ, కొడైకెనాల్, మున్నార్ ఎక్కడా ఒక్క తేదీ ఖాళీ లేదు. తిరుమల గదుల కోటా విడుదలయ్యే రోజు ఇంట్లో తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చుంటాం కదా, అలా నెల రోజులు కూర్చున్నాం. తిరుమలకైతే కోటా ఏ రోజు ఇస్తారో ముందే తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు. రిసార్టులు మూసి ఉన్న ఏడాదికి కూడా సభ్యులు ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టాం. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి ఊటీలో గది దొరికింది జూలైలో, మంగళవారం నుంచి శుక్రవారం వరకు. మేమిద్దరం రిటైరయ్యాం కాబట్టి వెళ్లగలిగాం. వారం మధ్యలో పాయింట్లు కూడా తక్కువ పడతాయి. గదిలో అడుగుపెట్టగానే చెమ్మ వాసన. బీరువా తలుపు ఉబ్బి సగంలోనే ఆగిపోయింది. బాత్రూంలో కుళాయి తిప్పితే టీ రంగు నీళ్లు వచ్చాయి. "కొంచెంసేపు వదిలేయండమ్మా, ఈ వైపు గదులు మొన్ననే తీశాం" అన్నాడు హౌస్‌కీపింగ్ అబ్బాయి. అన్నట్టే కాసేపటికి తేటనీళ్లు వచ్చాయి. గది మార్చమంటే మాత్రం మర్యాదగా వెంటనే మార్చారు. పనివాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఇద్దరు చేసే పని ఒక్కరు చేస్తున్నారు. వంటగది ఉన్న గది తీసుకోవడం మంచిదైంది. రెస్టారెంటులో రాత్రిపూట రెండు మూడు రకాలే దొరికాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి కెలికాను, ఊరుబిండి ఉండనే ఉంది. వాన తెరిపివ్వలేదు. అయినా మూడేళ్ల తర్వాత ఆ చలిగాలి తగిలితే ప్రాణం లేచొచ్చింది.

మనవరాలికి సెలవులు దొరికింది దసరాకి. అప్పుడు పాయింట్లతో ఒక్క గదీ లేదు. హార్సిలీ హిల్స్‌లో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో డబ్బు కట్టి గది తీసుకున్నాం. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగా కారులో మూడు గంటల ప్రయాణం. నాలుగు వేల అడుగుల పైన ఉన్న కొండ, మనవాళ్లకు ఏనుగు మల్లమ్మ కొండ. ఊటీలో ఉన్నన్ని హంగులు ఇక్కడ లేవు, గది సాదాసీదాగా ఉంది. కానీ కావాల్సిన రోజుకు దొరికింది. 1859లో నాటిన 'కల్యాణి' అనే యూకలిప్టస్ చెట్టు దగ్గర పాపకి ఫొటో తీద్దామని ఎర్ర స్వెటర్ తీశాను. చేతులు మోచేతి దాకానే వచ్చాయి. నాకు కళ్లు తిరిగినట్టయింది. పిల్లల సెలవుల కోసమని తీసుకున్న సభ్యత్వం అది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2023 ఫిబ్రవరికి కొడైకెనాల్ దొరికితే, మా ఆయనకు జ్వరం వచ్చి రద్దు చేశాం. పాయింట్లు కోతపడే గడువు కంటే ముందే రద్దు చేశాం గనుక అవి వెనక్కి వచ్చాయి, కానీ పాత గడువుతోనే వచ్చాయి. మార్చి 31 లోపు బుక్ చేస్తే సరిపోతుందని అనుకున్నాను. కాదు, ఆ తేదీలోపు బస కూడా పూర్తవ్వాలట. మార్చిలో గదులు లేవు. పాయింట్లు పోయాయి.

అందుకే పాయింట్లు పొడిగించామని మీకూ చెబితే, బుకింగ్‌కు గడువా, బసకు గడువా అని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. పాత పాయింట్లు ముందు ఖర్చవుతాయా, కొత్తవా అన్నదీ అడగండి. ఇంకొకటి, రద్దు చేస్తే పాయింట్లు కోతపడే గడువు ఒప్పందంలో ఉంటుంది. దానికి ఒకటి రెండు రోజుల ముందు చాలామంది రద్దు చేస్తారు, ఆ రోజుల్లో పొద్దున్నే యాప్ చూస్తే గదులు కనిపిస్తాయి. మాకు కొడైకెనాల్ అలాగే దొరికింది. సొంత బండిలో ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్లేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఈ-పాస్ మరిచిపోవద్దు, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి పెట్టారు.

పోయిన పాయింట్ల గురించి కస్టమర్ కేర్‌తో మాట్లాడి మాట్లాడి విసిగి, 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపారు. మూడు వారాలకు సగం పాయింట్లు తిరిగి వేశారు, ఆరు నెలల గడువుతో. ఆ సాయంత్రమే కూర్చుని సోమవారం నుంచి గురువారం దాకా కూనూరులో గది తీసుకున్నాం. రైలు టికెట్లు తర్వాత చూసుకున్నాం.