విజయనగరంలో కేస్ స్టడీ క్లాసులు: తుపాకుల కంపెనీ పాఠం గురించి

కోట దగ్గర ఒక మేడ మీద ఆదివారాలు జరిగే క్లాసులివి. ఎంబీఏ ఇంటర్వ్యూలకు తయారు చేస్తారు. నెలకు రూ.1500. గది ఇరుకు, మధ్యాహ్నం ఉక్కపోత. పాఠం మాత్రం గట్టిది.

కంపెనీలు పాతుకుపోయిన ఊరు ఎందుకు వదిలిపోతాయో చెప్పడానికి మాస్టారు అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్‌ను తీసుకున్నారు. 1850ల నుంచి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న ఈ కంపెనీ, హెడ్డాఫీసును టెనెసీలోని మేరీవిల్‌కు మారుస్తామని 2021లో ప్రకటించింది. 2023లో అక్కడ తెరిచింది. కొన్ని రకాల తుపాకులను మామూలు జనం కోసం తయారు చేయడాన్నే ఆపే బిల్లు మసాచుసెట్స్‌లో వచ్చింది. తమ ఆదాయంలో 60 శాతానికి పైగా ఆ సరుకుదేనని కంపెనీ చెప్పింది.

మేమంతా కారణం ‘చట్టాలు, పన్నులు’ అని రాసేసి కూర్చున్నాం. మాస్టారు ఊరుకోలేదు. బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఏది వెళ్లింది, ఏది మిగిలింది అని అడిగారు. తుపాకుల బిగింపు పని ఎక్కువగా టెనెసీకి వెళ్లింది. ఇనుము కాల్చి అచ్చుల్లో కొట్టే ఫోర్జింగ్, యంత్రాలతో కోసి చెక్కే మెషినింగ్, రివాల్వర్ల తయారీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండిపోయాయి. ఎందుకో ఒక్కొక్కరినీ లేపి చెప్పించారు.

మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. ఏ మగ్గానికి ఏం తేడా చేసిందో చప్పుడు విని చెప్పేవారు. అలాంటి చెయ్యి కొత్త ఊళ్లో నోటిఫికేషన్ ఇస్తే దొరకదు. అదే చెప్పాను, మాస్టారు బోర్డు మీద రాశారు.

నాకు నచ్చనిది ఒకటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దాదాపు 550 ఉద్యోగాలపై దెబ్బ పడుతుందన్న సంగతి చివరి ఐదు నిమిషాల్లో చెప్పేశారు. 1816 నాటి మరో తుపాకుల కంపెనీ రెమింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని తన ఫ్యాక్టరీని 2024లో మూసి జార్జియాకు పోయింది. అదీ ఒక్క ముక్కలోనే తేల్చేశారు. జూట్ మిల్లుకు లాకౌట్ నోటీసు పడ్డాక మా వీధిలో కిరాణా కొట్టు వాళ్లు అరువు ఆపేశారు, కార్మికుల ఇళ్లలో పిల్లల్ని స్కూలు మాన్పించారు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వేసినా వేయకపోయినా, రేపు మేనేజర్లయ్యేవాళ్లకు ఆ లెక్క తెలియాలి. దానికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వాలని మాస్టారికి చెప్పాను, వచ్చే బ్యాచ్‌లో పెడతానన్నారు.

నోట్సు అంతా ఇంగ్లీషులోనే ఇస్తారు. వివరించేది తెలుగులో కాబట్టి తెలుగు మీడియం వాళ్లు భయపడక్కర్లేదు. ముందు ఒక క్లాసు ఉచితంగా కూర్చోనిస్తారు, చూసుకుని చేరండి.