చిలగడదుంప: తవ్వి దాచాలా, మట్టిలోనే ఉంచాలా?

తీగ నాటి నాలుగు నెలలు దాటాక వచ్చే సందేహం ఇది.

శ్రమ: మట్టిలో ఉంచితే పనే లేదు, కావలసినప్పుడు రెండు దుంపలు తవ్వుకోవడమే. ఒకేసారి తవ్వితే గాయపడకుండా తీయాలి. కడగకుండా మట్టి దులిపి, 29 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ ఉన్నచోట 4 నుంచి 7 రోజులు ఉంచాలి. తొక్క మీది గీతలు మానేది అప్పుడే. ఇది ఎగ్గొడితే దాచడం దండగ.

ఖర్చు: రెండింటికీ దాదాపు సున్నా.

రిస్క్: మట్టిలో దుంపను తొలిచే ముక్కుపురుగు, ఎలుకలు, వాన పడితే కుళ్లు. ఇంట్లో అసలు శత్రువు ఫ్రిజ్జే (చాలామంది నేరుగా అందులోకే తోస్తారు!). అంత చలి వీటికి పడదు; 13–15 డిగ్రీల్లో ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి.

నేల పొడిగా ఉండి, నాలుగైదు మొక్కలే ఉంటే కొన్ని వారాలు మట్టిలోనే వదిలేయండి. వానో చలో దగ్గరపడినా, పంట ఎక్కువున్నా వెంటనే తవ్వేయండి.