దేవుని గురించి ప్రశ్నించడం నేర్పిన ఆరు ఆదివారాలు

తత్వశాస్త్రం ఎన్నడూ చదవనివారి కోసం మా పేట గ్రంథాలయం మేడ మీద ఆరు ఆదివారాలు నడిచిన తరగతులకు నేను ఒక్కటీ మానకుండా వెళ్ళాను. దేవుని గురించి తత్వవేత్తలు వేసిన ప్రశ్నలే అక్కడి పాఠం. ప్రవచనం వినవచ్చునని వచ్చినవారికీ, నాస్తిక ప్రసంగం ఆశించినవారికీ మొదటి రోజు ఆశాభంగమే కలిగినా, చాలామంది చివరి వారం దాకా నిలిచారు.

మొదటి గంటంతా అధ్యాపకుడు 'అనుమానం' అనే ఒక్క మాటకే కేటాయించారు. మన వాడుకలో అనుమానమంటే సందేహం. తర్కానికి పేరుపడ్డ ప్రాచీన న్యాయదర్శనంలో మాత్రం కొండ మీది పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం. ఈ తేడా తెలియనివారికి, సుమారు వెయ్యేళ్ళ కిందటి న్యాయదర్శన పండితుడు ఉదయనాచార్యుడు అనుమానంతో ఈశ్వరుణ్ణి సాధించాడన్న వాక్యం తలకిందులుగా అర్థమవుతుంది. నా పక్కనున్న విద్యార్థిని అప్పటికే రాసుకున్న 'డౌటు'ను కొట్టివేసి, పైన 'ఆధారంతో తేల్చడం' అని దిద్దుకుంది. తెలుగువారికి ఈ విషయం చెప్పేటప్పుడు మొదలుపెట్టవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

రెండో వారం బల్ల మీద ఒక మట్టికుండ పెట్టి, కుండకు కుమ్మరి ఉన్నట్టే మొలకకూ కొండకూ కర్త ఉండాలన్న ఉదయనుని వాదాన్ని వివరించారు. వెనుక వరుసలోని ఒక పెద్దాయన లేచి, "కుమ్మరిని చూశాం కాబట్టి సరే, లోకాన్ని చేస్తుండగా ఎవరు చూశారండీ?" అని అడిగారు. అధ్యాపకుడు ఆయన్ను కూర్చోమనకుండా, స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరణానంతరం 1779లో అచ్చయిన సంభాషణల్లో ఇటువంటి ఆక్షేపణే ఉందనీ, అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మీమాంసా దర్శన పండితుడు కుమారిల భట్టు శరీరం లేనివానికి సృష్టించాలన్న కోరిక ఎలా కలుగుతుందని నిలదీశాడనీ చెప్పారు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసా దర్శనానికి చెంది, వేదాన్ని అక్షరాలా నమ్మినవాడు సృష్టికర్తను కాదనడం మాలో చాలామందికి కొత్త. దర్శనాల్లో ఆస్తికుడంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవాడే తప్ప దేవుణ్ణి నమ్మినవాడు కానక్కరలేదని ఆ రోజే తెలిసింది.

దేవుడుంటే లోకంలో ఇంత దుఃఖం ఎందుకన్న ప్రశ్న గురించిన నాలుగో వారం అన్నిటికంటే బరువైనది. 1755 నవంబరు 1న, పండుగ ప్రార్థనల వేళ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను కూల్చిన భూకంపంతో మొదలుపెట్టి, ఈశ్వరునికి పక్షపాతమూ నిర్దయా అంటవు, ఆయన జీవుల కర్మను అనుసరిస్తాడన్న వేదాంత మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల సమాధానానికి వచ్చారు. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదన్న ప్రశ్నకు సంసారం అనాది అన్న జవాబు చెప్పి, అది చాలునో చాలదో మమ్మల్నే ఆలోచించమన్నారు. ఆ మౌనం నాకు నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. అంతకంటే గొప్పది ఊహించలేనిదే దేవుడు కాబట్టి ఆయన ఉండి తీరాలన్న మధ్యయుగ క్రైస్తవ తత్వవేత్త ఆన్సెల్మ్ వాదాన్ని ఇరవై నిమిషాల్లో ముగించి, అలాగైతే ఊహించిన పరిపూర్ణ ద్వీపం కూడా ఉండాలి కదా అని ఆయన సమకాలికుడు గౌనిలో చేసిన ఆక్షేపణను వదిలేశారు. అది లేకుండా ఆ వాదం మాటల గారడీలా తోస్తుంది. ఆరంభమున్న ప్రతిదానికీ కారణం ఉండాలన్న మధ్యయుగ ఇస్లామిక్ పండితుడు అల్ గజాలీ ఊసే రాలేదు. పాఠం తెలుగులో చెప్పి, పంచిన కాగితాలు ఇంగ్లీషులో ఇవ్వడం కొందరిని నిజంగా ఇబ్బంది పెట్టింది.

చివరి రోజు పోతన గజేంద్రుని "కలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో" అన్న పాదాన్ని చదివి, ఈ సందేహం ప్రార్థన లోపలే ఉందని చూపించారు. మా నాన్నగారు రోజూ పూజ చేసేవారు, ప్రశ్నలంటే కొంచెం బెదురు. వచ్చే విడతకు ఆయన పేరు రాయించి వచ్చాను.