రేవు పక్కన విడిది: విశాఖపట్నంలో ఐదు రోజులు

జనవరి చివరి వారంలో మా అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని నేనూ నా భార్యా విశాఖపట్నం వెళ్లి ఐదు రోజులు ఉండి వచ్చాము. ఆ నెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్టోబరు, నవంబరు ఈ తీరానికి తుపాన్ల నెలలు; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదుగానే తీరం దాటింది. ఏప్రిల్ వచ్చిందంటే ఉక్కపోత పెద్దవాళ్లను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. సికింద్రాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ స్టేషనులో దిగవచ్చు. ఇతర బండ్లలో వచ్చేవారు మాత్రం టికెట్టు తీసుకునే ముందే చూసుకోవాలి. చెన్నై, హౌరాల మధ్య తిరిగే రైళ్లలో కొన్ని విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. అక్కడ దిగి, సామాన్లతో నగరంలోకి చేరడం పిల్లలున్నవారికి శ్రమే.

మొదటి మూడు రాత్రులకు బీచ్ రోడ్డులో ఒక హోటలు తీసుకున్నాము. సముద్రం కనిపించే గది అని చెప్పి రోజుకు కొంత అదనంగా తీసుకున్నారు. తీరా కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క భవనం గోడ, దాని అంచున జానెడు సముద్రం! అడిగితే మర్యాదగానే మాట్లాడారు, కానీ గది మార్చడానికి మరునాటి మధ్యాహ్నం దాకా ఆగవలసి వచ్చింది. డబ్బు కట్టే ముందే గది ఏ అంతస్తులో ఉందో, కిటికీ ఏ దిక్కుకు తెరుచుకుంటుందో అడిగి, వీలైతే ఆ గది కిటికీలోంచి తీసిన ఫొటో పంపించమనడం మేలు. ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు లాడ్జీలు ఇంతకంటే చాలా చవక. తినడానికి, బస్సులకు అదే సౌకర్యం. అయినా అమ్మ మాతో ఉన్నందువల్ల బీచ్ రోడ్డే మాకు సరిపోయింది. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద కొంత మేర వాహనాలను ఆపేస్తారు. ఊరిలోని పెద్దవాళ్లు, పిల్లలు, పరుగు తీసేవారు రోడ్డంతా తమదే అన్నట్టు తిరుగుతుంటే, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా ఎవరి చేయీ పట్టుకోకుండా కాళీ ఆలయం దాకా నడిచి వెళ్లి వచ్చింది.

రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆర్కే బీచ్ అన్న పేరు వచ్చిన ఈ తీరం చూడడానికి ఎంత బాగుంటుందో, స్నానానికి అంత ప్రమాదకరం. ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది. తిరిగి వెళ్లే అల కాలి కింద ఇసుకను లాగేస్తుంది. ఏటా ఇక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మా కళ్లముందే కుర్రవాళ్లు కొందరు నడుము లోతుకు దిగితే కాపలావారు ఈలలు వేసి వెనక్కు పిలిచారు. ఆ ఈలను విసుక్కోకుండా వినాలని, పిల్లలను తీసుకువెళ్లే ప్రతి తల్లికీ తండ్రికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఈ బీచ్ గురించి మరొక సంగతి తెలిసి ఉండడం మంచిది. తూర్పు తీరం వెంబడి అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. ఓడరేవు ముఖద్వారం దగ్గర కట్టిన అడ్డుకట్టలు ఆ ఇసుకను దారిలోనే ఆపేస్తాయి గనుక, వాటికి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాక, తీరం కోతకు గురవుతుంది. అందువల్లనే డ్రెడ్జర్లతో రేవు దగ్గర తవ్వి తీసిన ఇసుకను ఇటువైపు తీరానికి చేర్చి పోస్తుంటారు. పిల్లలు గూళ్లు కట్టుకున్న ఇసుకలో కొంత ఆ విధంగా రేవు తిరిగి ఇచ్చినదే. విశాఖకు సెలవులు గడపడానికి వచ్చేవారిలో చాలామంది రేవును సరుకుల వ్యవహారంగా పక్కన పెట్టి బీచ్‌లు మాత్రమే చూసి వెళ్లిపోతారు; రెండింటినీ కలిపి చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుందని నాకు గట్టిగా అనిపించింది.

ఆ రెండూ కలిసే చోటు కురుసుర జలాంతర్గామి మ్యూజియం. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001లో విరమించిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకు లాగి, ఇసుకలో నిలిపి, 2002లో ప్రజలకు తెరిచారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు ఒదిగి నిలబడాలి. టార్పెడో గొట్టాలు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలు, పీటంత వంటగది చూస్తూ పోతుంటే, నీటి కింద రోజుల తరబడి బతికినవారి ఓర్పు కళ్లకు కడుతుంది. చూపించేవారు నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు. మా పెద్దవాడు అడిగిన ప్రతి ప్రశ్నకూ విసుగు లేకుండా జవాబు చెప్పారు. ఒక గది నుంచి మరొక గదికి గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా కాలెత్తి దూరవలసి ఉంటుంది గనుక మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది కుదరదు. అమ్మ బయటనే కూర్చున్నది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియంలో ఆ ఇబ్బంది తక్కువ. సోమవారం జలాంతర్గామికి సెలవు. కైలాసగిరి రోప్‌వే పిల్లలకు నచ్చింది. ఆదివారం వరుస చాలా పెద్దది కాబట్టి పనిదినాల్లో వెళ్లడమే సుఖం.

నాలుగో రోజున రుషికొండ దగ్గర ఒక చిన్న అతిథిగృహానికి మారాము. నీటిలో దిగాలనుకునేవారికి విశాఖలో సరైన చోటు ఇదే. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఈ తీరంలో స్నానానికి హద్దులు కట్టిన భాగం, రక్షకులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. నిశ్శబ్దం, కిటికీ నిండా సముద్రం ఇక్కడ దొరికాయి. లోటు రాకపోకలది. చీకటి పడ్డాక ట్యాక్సీ కోసం అరగంట ఎదురుచూశాము; వచ్చినవారు తిరుగు ప్రయాణానికి కూడా కిరాయి అడిగారు. పగటిపూట మాత్రం భీమిలి వెళ్లే 900కె సిటీబస్సు చక్కగా పనికివచ్చింది.

భీమిలి రోడ్డుకు ఒక పూర్తి పగలు కేటాయించాలి. దారిలో తొట్లకొండ ఉంది. నౌకాదళం వారి సర్వే సమయంలో 1976లో వెలుగుచూసిన ఈ బౌద్ధారామంలో, రాతిలో తొలిచిన నీటి తొట్ల అంచున నిలబడి చూస్తే కింద సముద్రం వంపు తిరిగి కనిపిస్తుంది. వానాకాలమంతా ఇక్కడ గడిపిన భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పనవసరం లేదు. ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు. గాలీ నీరూ వేల ఏళ్లుగా చెక్కిన ఆ లోయల్లో జనం ప్లాస్టిక్ సీసాలు పారేసి పోవడం చూసి మనసు కష్టపడింది. గోస్తని సముద్రంలో కలిసే భీమునిపట్నం 1861 నాటికే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అరకుకు మేము వెళ్లలేదు. ఒక్క రోజులో వెళ్లి రావడం అమ్మకు అలసట తప్ప మరేమీ మిగల్చదని మానుకున్నాము.

భోజనం విషయంలో ఈ ఊరు మమ్మల్ని నిరాశపరచలేదు. బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం, ఉదయం అల్లం పచ్చడితో పెసరట్టు, మధ్యాహ్నం కోనం చేప వేపుడు, రొయ్యల ఇగురు. ఇవన్నీ పెద్ద హోటళ్లలో కంటే చిన్న మెస్సుల్లోనే బాగున్నాయి. చేప తాజాదనం తెలియాలంటే సూర్యోదయానికి ఫిషింగ్ హార్బరుకు వెళ్లాలి. మరపడవలు ఒడ్డుకు చేరగానే గంపల కొద్దీ దిగే చేపలను ఆడవారు వేలం పాడి కొనే వేగం చూసి తీరవలసిందే. నేల తడిగా, జారుడుగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్లేవారు తాజా చేప మీద ఆశ పెట్టుకోకూడదు.

చివరి ఉదయం పాతనగరంలోని రాస్ హిల్ ఎక్కాము. పక్కపక్కనే మూడు కొండల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరుని గుడి ఉన్నాయి. చర్చి ఉన్నది రాస్ హిల్ మీద. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ రెంటికీ మధ్య సన్నని కాలువ గుండానే ఓడలు లోపలి హార్బరుకు వెళ్లాలి. 1933లో ప్రారంభమైన ఈ రేవుకు డాల్ఫిన్స్ నోస్ గాలివానల నుంచి కొండంత అండ. అంతకుముందు రాత్రుల్లో అమ్మ కిటికీ దగ్గర కూర్చొని, రేవులో చోటు కోసం సముద్రంలో లంగరు వేసుకొని వేచి ఉన్న ఓడల దీపాలను లెక్కపెట్టేది. మేము కొండ మీద ఉండగా ఒక ఎర్రని సరుకు ఓడ, ఓడలను లాగే చిన్న పడవలు, అంటే టగ్గులు, ముందొకటి వెనకొకటి పట్టుకు నడిపిస్తుంటే, మా కాళ్ల కిందుగా మెల్లగా లోపలికి కదిలింది. డెక్కు మీద నిలబడ్డ మనిషి టోపీ రంగు కూడా కనిపించేటంత దగ్గర. “ఏరా, రాత్రి చివర్న దీపం పెట్టుకొని నిలబడ్డది ఇదేనేమో” అంది అమ్మ. అది ఇనుప రేకుల గోదాముల వెనక్కి మలుపు తిరిగేదాకా అక్కడి నుంచి కదలనన్నది. మేమూ తొందరపెట్టలేదు.