వేయిపడగలా, ఏడు తరాలా, అంటరాని వసంతమా: ముందు ఏది చదవాలి?

మా మేనకోడలికి డిగ్రీ పరీక్షలైపోయాయి. ఉద్యోగంలో చేరడానికి ఇంకా రెండు నెలలు టైముంది. పోయిన ఆదివారం మధురవాడ నుంచి మా ఇంటికొచ్చి, "అత్తా, నువ్వు తాతల దగ్గర మొదలెట్టి మనవల దాకా చెప్పే పుస్తకాలే చదువుతావు కదా, వాటిలో నాకొకటి ఇవ్వు. బాగున్నది ఒక్కటే ఇవ్వు" అంది. బీరువా తెరిచి మూడు తీశాను. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి చేసిన తెలుగు 'ఏడు తరాలు', జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. మూడూ నాకు ప్రాణం. వాటిలో ఒక్కటే ఇవ్వాలంటే ఏదివ్వాలో ఆ పూట తేలలేదు. అన్నం తిని వెళ్ళమని ఆపాను, పుస్తకం మాత్రం రెండు రోజులాగి ఇస్తానన్నాను.

అసలు ఈ తరాల నవలలే ఎందుకు? చరిత్ర మీద ఇష్టముంటే చరిత్ర పుస్తకాలున్నాయి, రాజుల మీద రాసిన నవలలున్నాయి. నేను అవీ చదువుతాను, కానీ వాటితో నాకు ఆకలి తీరలేదు. మన ఊరి సంగతే తీసుకోండి. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. 1948లో సింధియా యార్డులో కట్టిన 'జల ఉష' ఓడని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1966లో ఉక్కు ఉద్యమం. 1971లో స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన. చరిత్ర పుస్తకంలో ఇవి ఐదు వాక్యాలు.

వాటినే ఒక ఇంట్లో పెట్టి చూడండి. పోర్టు మొదలైన ఏడు పుట్టిన పిల్ల తొమ్మిదో ఏట బాంబుల భయానికి అమ్మమ్మ గారి ఊరికి మూటాముల్లె సర్దుకుని వెళ్తుంది. పెళ్ళయ్యాక మొగుడు షిప్‌యార్డులో కళాసీ. పెద్దకొడుకు పదిహేనేళ్ళకే 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని అరుస్తూ ఊరేగింపులో నడుస్తాడు. ఆ ఫ్యాక్టరీ వస్తుంది. దాని కోసం తీసుకున్న భూముల్లో ఆమె పుట్టింటి పొలం ఉంటుంది. మనవడు నిర్వాసితుడి కార్డు పట్టుకుని అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగం కోసం నిలబడతాడు. కొడుకు గొంతు చించుకుని అడిగిందే తల్లి పుట్టింటిని మింగింది. ఆమె కొడుకుని చూసి మురిసిందా, పొలం తలుచుకుని ఏడ్చిందా? రెండూ చేసి ఉంటుంది, ఒకే రోజు. ఆ ముడి విప్పి చూపించడానికి మూడు తరాలు కావాలి. రాజు మీద రాసిన నవల రాజు చచ్చిపోగానే ఆగిపోతుంది, అందుకే అది ఇంత దూరం రాలేదు. ఇది నేను ఊహించి చెప్పిన ఇల్లే, కానీ గాజువాక నుంచి కంచరపాలెం దాకా ఇలాంటి ఇళ్ళు లేని వీధి ఉండదు.

ఇంకో మాట. తరాల నవల సగానికొచ్చేసరికి చదివేవాళ్ళకి ఒకటి జరుగుతుంది. మొదటి తరం వాళ్ళు పోతారు. వాళ్ళ పిల్లలకి వాళ్ళు సగమే గుర్తు. మనవలకి పేరు కూడా సరిగ్గా తెలియదు. చదివే మనకి మాత్రం అంతా తెలుసు. మనవడొచ్చి గోడకున్న మేకుకి చొక్కా తగిలిస్తాడు. ఆ మేకు ఎవరు కొట్టారో, ఏ రోజున, ఏ గొడవ మధ్య కొట్టారో వాడికి తెలియదు. మనకి తెలుసు. అంటే ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళం మనమే అయిపోతాం. "ఒరే నాయనా, అది మీ ముత్తాత కొట్టిన మేకురా" అని చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఈ సుఖం, ఈ బాధ నాకు వేరే రకం పుస్తకంలో దొరకలేదు. అందుకే మూడింటినీ ఒక్కటే అడిగాను: నన్ను ఆ ఇంటి పెద్దని ఏది చేస్తుంది?

'వేయిపడగలు' మన ఊరికి చుట్టం. 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెడితే, బహుమతిని ఇది అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి పంచుకుంది. విశ్వనాథ 29 రోజుల్లో నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. తర్వాత పి.వి. నరసింహారావు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీ చేశారు. ఇందులో ఇల్లంటే ఊరే. సుబ్బన్నపేట అనే ఊరు, దాని కోట, గుడి, జమీందారుల తరాలు, వాళ్ళతో ముడిపడిన కుటుంబాలు. ఊరిని కాసే సుబ్రహ్మణ్యేశ్వరుడికి వేయి పడగలు. కాలం మారేకొద్దీ ఆ పడగలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. కోట పాడుపడుతుంటే నాకు తెలియని ఆ ఊరి మీద నాకు బెంగ పుట్టింది. వేణుగోపాలస్వామికే తనని ఇచ్చుకున్న గిరిక, పొలమే ఒళ్ళుగా బతికే పసిరిక, వీళ్ళని మర్చిపోవడం నా వల్ల కాలేదు. ఇంటి పెద్దని చేయడంలో దీనికి సాటిలేదు. చివరి అధ్యాయాల్లో కథానాయకుడు ధర్మారావుతో పాటు మనం కూడా శిథిలాల మధ్య నడుస్తాం.

మరి ఇదే ఎందుకు ఇవ్వలేదంటారా? భాష కొంత కారణం. ఇరవై ఏళ్ళ పిల్లకి మొదటి యాభై పేజీలు కొండెక్కినట్టుంటాయి. కథ మధ్యలో చదువుల గురించి, పెళ్ళి గురించి, సంగీతం గురించి రచయిత ఆగి మాట్లాడతారు. నాకు ఆ ఆగడాలే ఇష్టం, అయితే అవి అందరికీ పడవు. అసలు కారణం వేరే. కులాల కట్టుబాటుని చెట్టుకి కాయ కాసినంత సహజంగా ఈ నవల చూస్తుంది. అక్కడ నేను రచయితతో నడవలేను. కోట లోపలి వాళ్ళకి తాతముత్తాతల పేర్లున్నాయి, శాసనాలున్నాయి, గుడి ఉంది. ఊరి చివర గుడిసెల్లో ఉన్నవాళ్ళకి కూడా తాతలుంటారు కదా. వాళ్ళ పేర్లేవి?

ఆ ప్రశ్నకి మిగిలిన రెండు పుస్తకాలూ జవాబు చెప్పడానికి కూర్చున్నాయి.

'ఏడు తరాలు' నేను కాలేజీలో ఉండగా ఒక్క రాత్రిలో చదివాను. తెల్లారి బస్సెక్కితే కళ్ళు వాచి ఉన్నాయి. ఆఫ్రికాలో గాంబియా నది దగ్గర జఫూరే అనే ఊరు. కుంటా కింటే అనే కుర్రాడు డోలు చేసుకోవడానికి చెట్టు కొమ్మ కోసం అడవికెళ్తాడు. నలుగురు మీదపడి పట్టుకుంటారు. సంవత్సరం 1767. ఓడ అడుగున గొలుసులతో కట్టి అమెరికా తీసుకెళ్ళి అమ్మేస్తారు. పారిపోతాడు, పట్టుబడతాడు, మళ్ళీ పారిపోతాడు. చివరికి సగం పాదం నరికేస్తారు. అతనికి పుట్టిన కూతురు కిజ్జీ. ఆ పిల్లని కూడా పదహారేళ్ళకి వేరే ఊరికి అమ్మేస్తారు. ఆ తర్వాత కథ కుంటా దగ్గరికి మళ్ళీ రాదు. అతనెలా బతికాడో, ఎప్పుడు పోయాడో కిజ్జీకి తెలియదు, మనకీ తెలియదు. మొదటిసారి చదివినప్పుడు వెనక పేజీలు తిప్పి వెతికాను, ఎక్కడైనా నేనే దాటేశానేమోనని.

కిజ్జీ దగ్గర మిగిలింది నాన్న నేర్పిన కొన్ని మాటలు. తీగల వాయిద్యాన్ని 'కో' అనాలి. నదిని 'కాంబీ బొలొంగో' అనాలి. అర్థం పోయినా, ఊరు పోయినా, ఆ రెండు మాటలూ ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారతాయి. పిల్ల పుట్టినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఆ కథ మళ్ళీ చెప్పుకుంటారు. కోట, గుడి, శాసనం ఏవీ లేని ఇంటికి వంశవృక్షం అంటే అదే.

ఇది చదివిన రోజునే నాకు మా ఇంట్లో మాట ఒకటి తట్టింది. మా వాళ్ళలో ఎవరైనా బజారుకెళ్ళి ఆలస్యంగా వస్తే "ఏం, రంగం వెళ్ళావా?" అంటారు. చిన్నప్పుడు రంగమంటే దూరం అనుకునేదాన్ని. రంగమంటే రంగూన్. మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఎంతోమంది ఓడలెక్కి బర్మా వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవులో పని చేశారు. 1942లో యుద్ధం వచ్చాక కొందరు అడవులు దాటి నడిచి వచ్చారు, కొందరు దారిలోనే పోయారు. మా ఇంటి నుంచి వెళ్ళినవాళ్ళెవరో, తిరిగొచ్చారో లేదో నేనెప్పుడూ అడగలేదు. మాట మాత్రం మా నాలుక మీద ఉండిపోయింది.

'ఏడు తరాలు'కి లోపాలున్నాయి. తెలుగులో ఇది బాగా కుదించిన పుస్తకం. కుంటా, కిజ్జీ, కోడిపందేల జార్జి దాకా మనసులో దిగుతుంది, చివరి తరాలు మాత్రం రైలు కిటికీలోంచి చూసిన స్టేషన్లలా గబగబా వెళ్ళిపోతాయి. పైగా హేలీ చెప్పిన వంశక్రమం రికార్డులతో సరిపోలడం లేదని పరిశోధకులు తర్వాత ఎత్తిచూపారు. కొంత నిజం, కొంత కల్పన కలిసిన పుస్తకమనే చదవాలి. నాకైతే దానివల్ల విలువ తగ్గలేదు. ఓడ అడుగున గొలుసులు నిజం. తల్లి ఒళ్ళోంచి పిల్లని తీసి అమ్మడం నిజం. సహవాసి తెలుగు మన పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది, గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో నిలబడి కూడా చదవొచ్చు.

ఇక 'అంటరాని వసంతం'. 2000లో వచ్చింది. ఇందులో కథ చెప్పేది రూతు జ్ఞాపకం. ఆమె గుర్తుచేసుకునే వాళ్ళందరినీ ఆమె చూడలేదు. భర్త రూబేను తన తాత ఎల్లన్న గురించి చెప్పాడు, అవ్వ సుభద్ర గురించి చెప్పాడు. తాను చూడని మనుషుల్ని, భర్త నోటి నుంచి విన్న మాటలతో, రూతు ఒళ్ళో పెట్టుకుని సాకుతుంది. నాకు తెలిసి మన భాషలో ఇంటి పెద్ద అనే మాటకి ఇంతకంటే గొప్ప బొమ్మ లేదు. ఎల్లన్న మాల కుర్రాడు, కళాకారుడు. వీధినాటకం దగ్గరికి వెళ్ళనివ్వకపోతే దూరంగా ఉండి చూసి, దాని మీద మనసు పారేసుకుంటాడు. అతని కొడుకు శివయ్య కరువులో భార్యతో కలిసి ఊరొదిలి పోతాడు, మతం మారి సైమన్ అవుతాడు. పేరు మారినా అంటరానితనం పోదు. అక్కడి నుంచి రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ. కథ నడిచేకొద్దీ మన శ్రీకాకుళం కొండల పోరాటం దాకా వస్తుంది. కోటల తరాలకి రాతలున్నాయి, ఎల్లన్న తరానికి పాటలే ఉన్నాయి. పాట మోసుకొచ్చినంతే చరిత్ర మిగిలింది, మిగతాది రూతు ఊహించి నింపుకుంటుంది. అది దాచుకోదు కూడా.

చదవడం తేలికేం కాదు. కాలం వరసలో నడవదు, ముసలమ్మ జ్ఞాపకంలా ముందుకీ వెనక్కీ పోతుంది. చిన్న చిన్న వాక్యాలు పాట చరణాల్లా మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎవరికి ఎవరేమవుతారో మొదట్లో తికమకగా ఉంటుంది. నేను పాత క్యాలెండర్ కాగితం వెనక పేర్లు రాసుకుని గీతలు గీసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ పుస్తకంలోనే ఉంది. మధ్యలో వారం రోజులు వదిలేస్తే మళ్ళీ మొదటికి రావాల్సిందే, కాబట్టి సెలవుల్లోనే మొదలుపెట్టాలి.

మూడింటిలో ఏది మేలంటే నా ఓటు 'అంటరాని వసంతం'కే. ముందు ఏది చదవాలంటే 'ఏడు తరాలు'. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని తేల్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. తరాల నవల రుచి తెలియని వాళ్ళకి ముందు కుంటా కావాలి. తర్వాత రూతు దగ్గర కూర్చోవాలి. 'వేయిపడగలు' వాటి తర్వాతే చదవమంటాను. రూతు మాటలు విన్నాక సుబ్బన్నపేటకి వెళ్తే ఆ ఊరి అందమూ కనబడుతుంది, ఆ ఊరి చివర ఎవరున్నారో కూడా కనబడుతుంది. ముందే వెళ్తే అందం దగ్గరే ఆగిపోతాం. మా నాన్నగారి వయసు వాళ్ళు, గ్రాంథికం అలవాటున్న వాళ్ళు ఈ వరస పాటించనక్కర్లేదు. వాళ్ళు 'వేయిపడగలు'తోనే మొదలుపెట్టొచ్చు, పుస్తకం వాళ్ళని మోసుకుపోతుంది. కొనడానికి ఆలోచించేవాళ్ళు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ముందు అడిగి చూడండి.

మంగళవారం మేనకోడలికి 'ఏడు తరాలు' ఇచ్చి పంపాను. గురువారం రాత్రి పదకొండున్నరకి ఫోన్. పుస్తకం ఎలా ఉందో చెప్పలేదు. "అత్తా, మన ఇంట్లో రంగం వెళ్ళిందెవరు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలిసే అవకాశం ఉన్నది కంచరపాలెంలో ఉండే మా పెద్దత్త ఒక్కరికే. ఆమెకి ఎనభై ఆరేళ్ళు, పొద్దుటిపూటైతే జ్ఞాపకం బాగుంటుంది. ఈ ఆదివారం ఎనిమిదింటికల్లా ఇద్దరం వెళ్తున్నాం. మేనకోడలు రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనుక్కుంది.