ఎనిమిది గజాల కిల్ట్, ఏడు వేసవులు

ఎడిన్‌బరా నుంచి ఏ68 రోడ్డు పట్టుకుని దక్షిణానికి గంటన్నర పోతే జెడ్‌బరా దాటాక రోడ్డు కొండెక్కుతుంది. ఆ పైన కార్టర్ బార్ అని 418 మీటర్ల ఎత్తున ఒక చోటు ఉంది. స్కాట్లండ్, ఇంగ్లండ్ సరిహద్దు అదే. అక్కడి పెద్ద రాయి మీద ఒకవైపు స్కాట్లండ్ అనీ, రెండోవైపు ఇంగ్లండ్ అనీ రాసి ఉంటుంది. దాని ముందు ఫోటో దిగకుండా పోయేవాళ్ళు తక్కువ. మేమూ ఆగాం. కారు దిగాడో లేదో మా అబ్బాయి కిల్ట్, అంటే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ కట్టు, గొడుగులా పైకి లేచింది. ముందు పట్టుకుంటే వెనక లేచింది, వెనక పట్టుకుంటే ముందు లేచింది. పక్కనే ఉన్న నా కిల్ట్ మాత్రం అంచు కాస్త ఊగి ఊరుకుంది. వాడిది పాలిస్టర్ విస్కోస్, ఐదు గజాలు. నాది ఉన్ని, ఎనిమిది గజాలు, 16 ఔన్సులది. ఏడేళ్ళు వాడాక నేను చెప్పగలిగేదంతా ఆ గాలి ఒక్క నిమిషంలో చెప్పేసింది.

వివరంగా చెబుతాను. మేం నలుగురం: నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి. మొదటిసారి ఆఫీసు మిత్రుడి పెళ్ళికి అద్దెకి తెచ్చుకుని కట్టాను. కట్టాను అనే అంటాను, ఎందుకంటే ఇది తొడుక్కునేది కాదు, చుట్టుకునేది. పంచె అలవాటున్నవాడికి మొదటి పది నిమిషాల్లోనే చనువైపోతుంది. ఆ రోజు వీడియో కాల్‌లో మా అమ్మ చూసి, "ఏంటి నాన్నా, గళ్ళ లుంగీ పైకి మడిచి కట్టావు? ఆఫీసు వాళ్ళేమీ అనరా?" అంది. ఆ తర్వాత ఆరు వందల పౌండ్ల పైన పోసి సొంతానికి కుట్టించుకున్నానని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

కుట్టించుకునే చోట మొదటి ప్రశ్న టార్టాన్ ఏదని. టార్టాన్ అంటే ఆ గళ్ళ నమూనా. అదేదో "మీ గోత్రమేంటండీ" అన్నట్టు వినిపించింది. క్లాన్, అంటే స్కాటిష్ వంశం, లేనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఎవరైనా కట్టుకోదగ్గవి బోలెడున్నాయి. నేను బ్లాక్ వాచ్ తీసుకున్నాను. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, నలుపు. దేశభక్తి ఏమీ కాదు, మరక కనపడదని. ఈ ఏడేళ్ళలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటి. ప్రయాణాల్లో మాకు పులిహోర డబ్బా లేకుండా కారు కదలదు. మా అమ్మాయి ఎర్ర గళ్ళ స్కర్టు మీద పడిన పసుపు నూనె చుక్క నాలుగేళ్ళుగా అలాగే ఉంది. నా కిల్ట్ మీద ఎన్ని పడ్డాయో దేవుడికే తెలియాలి. కాళ్ళకి వేసుకునే మీగడ రంగు ఉన్ని మేజోళ్ళు మాత్రం మొదటి ట్రిప్పుకే పసుపు కొమ్ముల్లా తయారయ్యాయి. అవి ముదురు రంగువే కొనండి.

ఇక బరువు సంగతి. 16 ఔన్సులంటే డబుల్ వెడల్పు బట్ట గజం తూకం, మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ఎనిమిది గజాల కిల్ట్‌కి అలాంటి బట్ట నాలుగు గజాలు తీసుకుని, మధ్యకి చీల్చి, కలిపి కుడతారు. అంటే నడుము చుట్టూ రెండు కిలోలకి కాస్త తక్కువ. వేసవికి తేలికది కొనుక్కోమని షాపులో అందరూ చెబుతారు, నిజమే అనిపిస్తుంది కూడా. నేను ఒప్పుకోను. వేడి పుట్టేది నడుము చుట్టూ మాత్రమే, అది తేలిక దాంట్లోనూ పుడుతుంది. కాళ్ళకి రెండింట్లోనూ గాలి ఒకేలా ఆడుతుంది. తేడా అంతా కుచ్చిళ్ళలో ఉంది. చీర కుచ్చిళ్ళు ముందుంటే కిల్ట్ కుచ్చిళ్ళు వెనకుంటాయి. వాటి మీదే కూర్చుంటాం. బరువు బట్టయితే రెండు గంటలు కూర్చుని లేచినా నాలుగడుగులు వేసేసరికి తనంతట తనే సర్దుకుని దిగుతుంది. తేలిక బట్ట నలిగితే నలిగినట్టే ఉంటుంది.

డ్రైవింగ్ అసలు పరీక్ష. కిల్ట్‌కి మామూలుగా మూడు తోలు పట్టీలు. లోపలి పొరది ఎడమ పక్కన చిన్న చీలికలోంచి బయటికొచ్చి అక్కడే బిగుసుకుంటుంది. పై పొరవి రెండు, కుడి పక్కన. ఇక్కడ స్టీరింగ్ కుడివైపు కాబట్టి సీటు బెల్టు బకుల్ ఎడమ తుంటి దగ్గర పడుతుంది, కిల్ట్ పట్టీ కూడా అటే ఉంది. గంట దాటాక రెండూ కలిసి ఒకే చోట పొడుస్తాయి. మధ్యలో చేతిరుమాలు మడత పెట్టి పెడతాను, ఇంతకంటే గొప్ప ఉపాయం దొరకలేదు. ముందు వేలాడే తోలు సంచి, స్పోరన్, ఎక్కే ముందే తీసి పక్క సీట్లో పడేయాలి. ఇక కూర్చునే పద్ధతి: సీటు వైపు వెనక్కి తిరిగి, రెండు అరచేతులతో వెనక కుచ్చిళ్ళని పైనుంచి కిందికి నిమురుతూ కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవాలి. మొదట్లో నేను ప్యాంటు వేసుకున్నట్టే దభాలున కూలబడేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి, "ఇరవై ఏళ్ళుగా చీర కట్టుకుని నేనెలా కూర్చుంటున్నానో ఒక్కసారైనా చూశారా?" అంది. చూసి నేర్చుకున్నాను.

నా వల్ల జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. కిల్ట్ పై పొర కింది మూలకి పెద్ద పిన్ను పెడతారు. గాలికి లేవకుండా అనుకుని మొదటి ఏడాది రెండు పొరలూ కలిపి గుచ్చాను. బెరిక్ దగ్గర పెట్రోలు కోసం కారు దిగుతుంటే పర్రుమని చప్పుడు. రెండు పొరలు రెండు వైపులకి లాగి, పిన్ను దగ్గర వేలు పట్టేంత చిరుగు. పిన్ను పై పొరకే పెట్టాలి, అది అలంకారానికే. రఫూ చేయించాను, దగ్గరికొచ్చి చూస్తే కనపడుతుంది. దగ్గరికొచ్చి చూసేవాళ్ళు అదృష్టవశాత్తూ తక్కువ.

మేం వెళ్ళేది ఎప్పుడూ జూలై మొదట్లోనే. స్కాట్లండ్ బడులకి జూన్ ఆఖరుకల్లా సెలవులిచ్చేస్తారు, ఇంగ్లండ్ బడులు జూలై మూడో వారం దాకా నడుస్తాయి. ఆ రెండు మూడు వారాలు సరిహద్దుకి అవతల కోటలూ సముద్రపు ఒడ్డులూ ఖాళీగా ఉంటాయి. గదులూ చవక. ఇది కిల్ట్ సంగతి కాదు గానీ, పిల్లలున్నవాళ్ళకి పనికొస్తుంది.

చాలామంది హేడ్రియన్ గోడనే సరిహద్దు అనుకుంటారు. కాదు. క్రీ.శ. 122లో రోమన్లు మొదలుపెట్టిన ఆ 73 మైళ్ళ గోడ మొత్తం ఇంగ్లండ్‌లోనే ఉంది. దాని వెంట నడిచే దారిలో పొలాల మధ్య రాతి గోడలు దాటడానికి చెక్క నిచ్చెనలుంటాయి. కిల్ట్ కట్టినవాడు నిచ్చెన ఎక్కుతుంటే వెనక ఎవరుండాలన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని విషయం. ప్రస్తుతానికి నేను ఆఖరున ఎక్కాలని తీర్మానం. నాకంటే ముందు మా వాడు ఎక్కుతాడు, నేను తల వంచుకుని బూట్లు చూసుకుంటాను. గోడ వంపులో ఉండే పేరుమోసిన సికమోర్ చెట్టు కింద మొదటి ట్రిప్పులో పెరుగన్నం తిన్నాం. 2023 సెప్టెంబరులో దాన్ని రాత్రికి రాత్రి కోసేశారు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు పిల్లలు మొద్దు వైపు చూసి ఏమీ మాట్లాడలేదు.

కిల్ట్ కింద ఏం వేసుకుంటారన్న ప్రశ్న ఇంగ్లండ్‌లో అడుగు పెట్టిన అరగంటలో తప్పక వస్తుంది. పిల్లలతో, నిచ్చెనలతో, కార్టర్ బార్ గాలితో వెళ్ళేవాడు వేసుకుంటాడు. అంతే. ఈ విషయంలో నాకు దొరికిన అండ విండొలాండాలో ఉంది. గోడకి దక్షిణంగా ఉన్న ఆ రోమన్ కోట తవ్వకాల్లో పల్చటి చెక్క ముక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి, దాదాపు 1,900 ఏళ్ళ నాటివి. ఒకదాంట్లో ఎవరో అక్కడున్న మనిషికి మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపినట్టు రాసి ఉంది. ఆ సైనికులకీ మోకాళ్ళు బయటే, చలీ ఇదే. అది విని మా అమ్మాయి, "అయితే వాళ్ళమ్మ పంపి ఉంటుంది" అని తేల్చేసింది.

వానలో ఎలా ఉంటుందంటే, ఒక గంట దాకా ఇబ్బంది లేదు. బాంబరా కోట కింద ఇసుకలో అరగంట సన్నటి జల్లులో నడిచాం. ఉన్ని పైపైనే తడిసింది, లోపలికి చేరలేదు. కానీ తడిసిన అంచు మోకాలి వెనక రాసుకుని మర్నాటికి ఎర్రగా గీరుకుపోయింది. కొబ్బరినూనె దగ్గరుంచుకోండి. బురదైతే మటుకు మా వాడి పాలిస్టర్‌దే గెలిచింది. లిండిస్‌ఫార్న్ అనే హోలీ ఐలండ్‌కి వెళ్ళే రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది, ఆటుపోట్ల వేళలు చూసుకుని దాటాలి. మేం వేళ చూసుకునే దాటాం. మావాడు మాత్రం అక్కడి చిత్తడి ఇసుకలో పీతని చూడబోయి వెనక్కి కూలబడ్డాడు. సాయంత్రం గదిలో వాష్‌బేసిన్‌లో సబ్బుతో ఉతికి ఆరేస్తే పొద్దున్నకి ఆరింది, కుచ్చిళ్ళు కూడా చెక్కుచెదరలేదు. అదే నాదయితే ఆ వారమంతా కారు డిక్కీలో సముద్రం వాసన. ఉన్నిది నీళ్ళలో ముంచకూడదు. మరక ఉన్నచోట తడిగుడ్డతో అద్ది, గాలికి వేలాడదీసి, అవసరమైతే ఆవిరి పట్టించాలి. ఏడేళ్ళలో రెండుసార్లే డ్రై క్లీనింగ్‌కిచ్చాను. కాబట్టి ఎదిగే పిల్లలకి పాలిస్టర్, ఎదగడం ఆగినవాళ్ళకి ఉన్ని. పైగా మంచి కిల్ట్‌కి కింద అంచు మడత ఉండదు, బట్ట సహజ అంచే దాని అంచు. ఫ్రాక్‌లా విప్పి పొడవు చేసుకునే వీల్లేదు.

సర్దుకోవడం గురించి ఒక్క చిట్కా. ప్రయాణానికి ముందు కుచ్చిళ్ళన్నీ కింద ఒక వరసగా పొడుగు కచ్చా కుట్టు వేసి, నిలువునా చాపలా చుట్టి, పాత టైట్స్ కాలు ఒకటి కత్తిరించి దాంట్లో దూర్చేయాలి. తీసి దారం లాగితే ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. మా ఆవిడ పట్టుచీరలకి ఈ పద్ధతి పనికిరాదని ముందే చెప్పేసింది.

మనుషుల సంగతికొస్తే, ఎడిన్‌బరాలో కిల్ట్‌తో బయటికెళితే ఎవరి పెళ్ళి అని అడుగుతారు, అంతే. సరిహద్దు దాటగానే నేను స్కాట్లండ్ మొత్తానికీ ప్రతినిధిని అయిపోతాను. కార్టర్ బార్ దగ్గర వేసవిలో ఒక్కోసారి బ్యాగ్‌పైప్ వాయించే ఆయన ఉంటాడు. ఒక టూరిస్టుల బృందం ఆయన్ని వదిలేసి మా నలుగురితో ఫోటో దిగింది, ఆయన పాట ఆపి మరీ మా వైపు చూశాడు. ఒక కాఫీ కొట్టులో స్పోరన్‌లోంచి స్కాట్లండ్ బ్యాంకులు సొంతంగా అచ్చువేసే నోటు తీసిస్తే కౌంటర్లో అమ్మాయి అటూ ఇటూ తిప్పి వెలుతురుకి పెట్టి చూసింది. తీసుకుంది గానీ, నోటు కంటే నన్నే ఎక్కువ అనుమానించిందనిపించింది. ఇంకోచోట ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "మాకూ ఉంది తెలుసా?" అన్నాడు. నార్తంబర్‌లండ్ గొర్రెల కాపరుల నలుపు తెలుపు చిన్న గళ్ళ గురించి ఆయన చెప్పింది. అసలు ఈ సరిహద్దు ఊళ్ళకి కిల్ట్ సొంతం కాదు. ఇది ఉత్తరాన హైలండ్స్ వాళ్ళ కట్టు. 1746లో లండన్ ప్రభుత్వం చట్టం చేసి దాన్ని నిషేధించింది, 1782 దాకా ఎత్తలేదు. నిషేధం ఎత్తాక మెల్లగా మొత్తం దేశానికీ గుర్తయిపోయింది. ఇప్పుడు గుంటూరు జిల్లావాణ్ణి నేను కట్టుకుంటే పెద్దాయనకి ఏ ఇబ్బందీ లేదు, మీ మేజోళ్ళు మాత్రం బాగాలేవన్నాడు. పసుపు మరకల కథ ఆయనకి వివరించలేకపోయాను.

మేజోట్లో పెట్టుకునే చిన్న కత్తి, స్కియన్ డూ, జాతీయ వేషంలో భాగంగా ఉంటే రెండు దేశాల చట్టాల్లోనూ మినహాయింపు ఉంది. అయినా ఇంట్లోనే వదిలేస్తాను. వెనక సీట్లో ఇద్దరు కొట్టుకుంటుంటే కారులో కత్తి ఎందుకు?

అసలు శత్రువు చిమ్మెట. మూడో ఏడు బీరువాలోంచి తీస్తే లోపలి పొరలో మూడు బొక్కలు. అప్పట్నుంచి కలరా ఉండలు, వాటితోపాటు అమ్మ పంపిన ఎండు వేపాకు కూడా పెడుతున్నాను. అవి ఎందుకు అడుగుతున్నానో ఆవిడ అడగలేదు. ఈ జూన్‌లో తీసి కట్టుకుంటే బట్ట బాగానే ఉంది, పట్టీలే చివరి బొక్కకి వచ్చాయి. బకుల్ జరిపి కుట్టించవచ్చన్నారు, ఇచ్చాను. మా వాడు పక్కన నిలబడి, తనకీ 16 ఔన్సులదే కావాలన్నాడు. "ముందు నువ్వు ఎదగడం ఆపు, మీ నాన్న అడ్డంగా ఎదగడం ఆపాలి, అప్పుడు చూద్దాం" అంది మా ఆవిడ.