ఆగకుండా నడిచే సర్వర్‌లో మెమరీ లీక్: వాల్‌గ్రైండా, అడ్రస్ శానిటైజరా, జెమాలక్ ప్రొఫైలా?

పలాసలో జీడిపిక్కల సీజనులో ఊరూరి నుంచి తూకాలు అందుకునే సర్వర్ ఒకటి ఉందనుకుందాం. సీ ప్లస్‌ప్లస్ ప్రాసెస్, 4 జీబీ మెషీన్. వాడుకున్న మెమరీని తిరిగి వదలకపోవడమే మెమరీ లీక్. అలా గంటకు 6 ఎంబీ పెరిగితే మూడు వారాలకు 3 జీబీ. ఆ తర్వాత ఏ క్షణాన్నయినా లినక్స్ ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ను ఆపేసే కర్నెల్ భాగం) దాన్ని చంపేస్తుంది, లారీలు కాటా దగ్గరే నిలిచిపోతాయి.

ముందు వీఎంఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ ర్యామ్‌లో ఆక్రమించిన మెమరీ) విలువను 5 నిమిషాలకోసారి రాసిపెట్టండి. మొదటి రోజు పెరుగుదలను లెక్కలోకి తీసుకోవద్దు, కాష్‌లు నిండేది అప్పుడే.

వాల్‌గ్రైండ్ ప్రోగ్రామును తనలో నడిపిస్తూ మెమరీ తప్పులు పట్టే పరికరం, దానికి మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. కానీ ప్రోగ్రాము 10 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది, థ్రెడ్లు ఎన్నున్నా ఒకసారికి ఒకటే నడుస్తుంది. తూకాల మెసేజ్‌లు టైమౌట్ అయి, అసలు లీకయ్యే దారిలోకి కోడ్ వెళ్లనే వెళ్లదు.

కంపైలరే తనిఖీలు చేర్చే అడ్రస్ శానిటైజర్‌తో నెమ్మదించేది రెండు రెట్లే, అయితే మళ్లీ కంపైల్ చేయాలి. లీక్ రిపోర్టు మామూలుగా ప్రాసెస్ సవ్యంగా ముగిసినప్పుడే వస్తుంది. సిగ్‌టర్మ్‌కు (ప్రాసెస్‌ను ఆగమని పంపే సంకేతం) హ్యాండ్లర్ రాయకపోతే ఒక్క ముక్క కూడా రాదు.

ఈ రెండూ చూడలేనిది ఒకటుంది. లారీ నంబరుతో మ్యాప్‌లో ఎంట్రీ పెట్టి, లారీ బయటికెళ్లిన మెసేజ్ వచ్చాక తీసేస్తున్నాం. మందస దాటాక సిగ్నల్ పోయి ఆ మెసేజ్ రాకపోతే ఎంట్రీ అక్కడే ఉండిపోతుంది. దానికి పాయింటర్ ఉంది కాబట్టి ఈ పరికరాల దృష్టిలో అది లీకే కాదు. పైగా ప్రాసెస్ ముగిసేటప్పుడు డిస్ట్రక్టర్ మ్యాప్‌ను శుభ్రంగా ఊడ్చేస్తుంది, రిపోర్టులో సున్నా కనిపిస్తుంది. నెలల తరబడి నడిచే సర్వర్లలో నిజంగా ముంచేవి ఎక్కువగా ఇలాంటివే.

అందుకే నడుస్తున్న సర్వర్‌కు జెమాలక్ (మామూలు మాలక్‌కు బదులు వాడే మెమరీ అలొకేటర్) ప్రొఫైలే మేలు. ప్రొఫైలింగ్ ఎనేబుల్ చేసి కట్టిన జెమాలక్‌ను ఎల్‌డీ ప్రీలోడ్‌తో (లైబ్రరీని ముందే లోడ్ చేయించే సెట్టింగ్) ఎక్కించి, ‘ప్రాఫ్:ట్రూ, ఎల్‌జీ_ప్రాఫ్_ఇంటర్వల్:30’ ఇవ్వండి. సగటున 512 కేబీ కేటాయింపుకు ఒక నమూనా తీసుకుంటుంది కాబట్టి భారం తక్కువ. మొత్తం కేటాయింపులు 1 జీబీ దాటినప్పుడల్లా ఒక డంప్ ఫైలు పడుతుంది. రెండో రోజు డంప్‌ను బేస్‌గా పెట్టి, ఐదో రోజుదాన్ని జెమాలక్‌తో వచ్చే జెప్రాఫ్‌తో పోల్చండి. పాయింటర్ ఉన్నా లేకపోయినా, ఆ మధ్యలో కేటాయించి ఇంకా వదలనిది ఏ ఫంక్షనో పైన కనిపిస్తుంది. సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) తీసేసిన, అంటే స్ట్రిప్ చేసిన బైనరీ అయితే పేర్లకు బదులు ఉత్త అడ్రసులే వస్తాయి, సింబల్స్ ఉంచండి.

చిన్న టెస్టుతో మళ్లీ రప్పించగలిగిన లీక్‌కైతే శానిటైజరే చాలు. మళ్లీ కంపైల్ చేయలేని లైబ్రరీకి మాత్రం వాల్‌గ్రైండ్.

జెమాలక్ పెట్టగానే పెరుగుదల ఆగిపోయిందా? అప్పుడు లినక్స్ మామూలు సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ అరీనాలను (థ్రెడ్లకు పంచే మెమరీ ప్రాంతాలు) అనుమానించండి. 64 బిట్ మెషీన్‌లో అవి కోర్‌కు 8 దాకా పెరుగుతాయి, వాటిలో ముక్కలైన ఖాళీ జాగా చాలాసార్లు కర్నెల్‌కు తిరిగి వెళ్లదు. పాత అలొకేటర్‌తోనే ‘మాలక్_అరీనా_మ్యాక్స్=2’ పెట్టి మరో రెండు రోజులు ఆర్‌ఎస్‌ఎస్ చూడండి.